దయ్యానికి ఇంటిపేరు

ఇప్పుడంటే దయ్యాలకు కూడా ఫోన్లో చుక్కలిచ్చి మార్కులు వేస్తున్నారు గానీ, నేను డిగ్రీ పాసైన ఆ రోజుల్లో షోలాపూర్‌లో దయ్యమంటే ఇంకా కాస్త భయం, కాస్త భక్తి ఉండేవి. ఉద్యోగాలు మాత్రం అప్పుడూ లేవు. అందులోనూ నేను చదివింది చరిత్ర. అశోక్ చౌక్ వెనక మా సందుల్లో చరిత్రలో బి.ఏ. చేసిన మొదటి ఆడపిల్లను నేనే. దాన్ని ఘనత అని నేను తప్ప ఎవరూ అనుకోలేదు. ఆ చదువు పవర్‌లూమ్ నడపడానికి పనికిరాదు, బీడీలు చుట్టడానికి అక్కర్లేదు. మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, రోజంతా తునికాకు కత్తిరిస్తూ ఆ సంగతే గుర్తు చేసేది. "సచ్చినోళ్ళ సంగతులు సదివినవ్ బిడ్డా, మంచిదే. మరి జీతం ఆళ్ళే ఇస్తరా?" అనేది. దసరా లోపల నాకు నౌకరీ ఖాయం కాకపోతే అవ్వ పక్కన కూర్చుని నేనూ బీడీలు చుట్టాలన్నది ఇంట్లో ఒప్పందం. నాకోసం కొత్త చాట కూడా కొని గోడకు ఆనించి పెట్టారు. పొద్దున లేవగానే నాకు దేవుడి పటం కంటే ముందు ఆ చాటే కనిపించేది.

అలాంటి సమయంలో నాకు ఉద్యోగమిచ్చింది ఒక గఢీ. హోట్గి రోడ్డు మీద కాలనీలన్నీ అయిపోయాక, జొన్నచేల మధ్య ఉండేది. గఢీ అంటే ఇంటికి ఇల్లు, కోటకు కోట. తెలంగాణలో దొరలుండే గడీలకు మరాఠీ అన్నయ్య అనుకోండి. నాలుగు మూలలా నాలుగు బురుజులు, ఎద్దులబండి దూరేంత ద్వారం, ఏనుగు గుద్దినా విరగని తలుపు. ఎవరో దేశ్‌ముఖ్ దండయాత్రలకు భయపడి కట్టించాడు. పాపం, ఆయన మీదికి ఎవడూ దండెత్తి రాలేదు. ఆ వంశం వాళ్ళు తరతరాలుగా బురుజులెక్కి శత్రువు కోసం చూసీ చూసీ, ఎవరూ రాకపోయేసరికి విసుగొచ్చి వాళ్ళల్లో వాళ్ళే కోర్టుకెక్కారు. శత్రువులు చేయలేని పని వకీళ్ళు చేసిపెట్టారు. ఒక వాటా తునికాకు గోదాం అయింది, ఒక వాటా పవర్‌లూమ్ షెడ్డు అయింది, ఇంకో వాటా కొన్నాళ్ళు పెళ్ళిళ్ళ హాలు అయింది (అక్కడ జరిగిన పెళ్ళిళ్ళలో ఒక్కటీ విడిపోలేదట, అంత గట్టి గోడలు). చివరికి అన్ని వాటాలూ కలిపి కొన్నవాడు, చద్దర్ల వ్యాపారంలో పైకొచ్చిన మావాడే ఒకడు. వాళ్ళ తాత కూడా మా తాతలాగే తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాడే. మేమంతా ఆయన్ని మాలక్ అనేవాళ్ళం. షోలాపూర్‌లో నాలుగు మగ్గాలున్న ప్రతివాడూ మాలకే.

మాలక్ మొదట దాన్ని మామూలు హోటల్ చేశాడు. పావురాలు తప్ప ఎవరూ దిగలేదు. తర్వాత ఆయన కుటుంబంతో రాజస్థాన్ యాత్రకు వెళ్ళి, అక్కడొక పాత మహల్‌లో దయ్యమున్న గదికి మిగతా గదులకంటే ఎక్కువ గిరాకీ ఉండడం కళ్ళారా చూసి, జ్ఞానోదయమై తిరిగొచ్చాడు. రాగానే నన్ను పిలిపించాడు. "పోరి, నువ్వు హిస్టరీ సదివినవట గదా. మన గఢీకి ఒక మస్తు మంచి హిస్టరీ రాయ్. బుకింగ్‌లు నిండినయంటే దసరాకు నీ నౌకరీ పక్కా" అన్నాడు.

నేను పొంగిపోయాను. దేశ్‌ముఖ్ వంశంలో మిగిలిన ముసలివాళ్ళందరినీ కలిసి, వాళ్ళ దగ్గుల మధ్య వాళ్ళ మాటలు ఏరుకుని, నిఖార్సైన చరిత్ర రాసి తెచ్చాను. మాలక్ ఓపికగా చదివాడు. చదివి, నేనేదో సరుకు పాడుచేసినట్టు ముఖం పెట్టాడు.

"గింత పెద్ద ఇంట్ల ఒక్కడన్న సరిగ్గ సావలేదా?"

"ఒకాయన పెండ్లిల హల్వా ఎక్కువ తిని పోయిండట మాలక్."

"హల్వా తిని సచ్చినోడు భూత్ అయితే ఎవడు భయపడతడే? బురుజుల ఏమైనా అయిందా?"

"బురుజుల జొన్నలు పోసేటోళ్ళట."

ఆయన కాగితాలు నా చేతికి తిరిగిచ్చి, గోడవైపు చూస్తూ, "నీ చాట ఇంకా కొత్తదే ఉన్నదట గదా" అన్నాడు. (మా సందులో సంగతులు ఎంత దూరం వెళతాయో అప్పుడే తెలిసింది.)

ఇంటికొచ్చి ఒక్క మధ్యాహ్నంలో కొత్త చరిత్ర రాశాను. నిజానికి పట్టినంత సమయం అబద్ధానికి పట్టదు. దేశ్‌ముఖ్ తన కూతురి పెళ్ళికి లోకంలో ఎక్కడా లేని చీర కావాలన్నాడు. తెలంగాణ నుంచి వచ్చిన ఒక నేతగత్తె నేసిచ్చింది. అలాంటిది ఇంకెవరికీ నేయకూడదని ఆమెను మగ్గంతో సహా ఈశాన్యపు బురుజులో పెట్టి గోడ కట్టించేశాడు. ఇప్పటికీ ఆ బురుజులోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఇందులో నా సొంత బుర్ర ఏమీ లేదు, ప్రతి కోట దగ్గరా గైడ్లు ఇలాంటిదే ఒకటి చెప్పి చాయ్ డబ్బులు అడుగుతారు. నేను చేసిన ఘనకార్యం ఇంకొకటి. కథ అయ్యాక చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎందుకా అని ఆలోచిస్తే తట్టింది. మావాళ్ళలో ఏ మనిషి సంగతి చెప్పబోయినా ముందు అడిగేది ఎవరి బిడ్డ, ఇంటిపేరేంది అని. అది తేలేదాకా కథ ముందుకు కదలనివ్వరు. ఇంటిపేరు లేని మనిషి మాకు మనిషి కాదు, దయ్యమసలే కాదు. అందుకని ఆ నేతగత్తెకు నర్సవ్వ అని పేరు పెట్టి, చేతికందిన ఇంటిపేరు ఒకటి తగిలించాను. అది మా అవ్వ పుట్టింటివాళ్ళది. (ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకో నాలుగు కుటుంబాలు బయల్దేరతాయి.)

మాలక్‌కు కథ తెగ నచ్చింది. ఇంటిపేరు చూసి, "గిది అసల్ పాయింట్" అని నా వీపు తట్టాడు. ఆయనా మావాడే గదా, ఆయనకు మాత్రం అది ముంచుకొచ్చే ప్రమాదమని ఎలా తెలుస్తుంది?

మొదట్లో అంతా దివ్యంగా నడిచింది. మగ్గం చప్పుడుకు మాలక్ ఏ ఖర్చూ పెట్టలేదు. చేను అవతల పవర్‌లూమ్ షెడ్డు ఒకటి ఉంది, గాలి ఇటు తిరిగితే చాలు. పుణె నుంచి వచ్చినవాళ్ళు దుప్పట్లు కప్పుకుని వణికేవాళ్ళు. ఊరివాళ్ళతోనే చిక్కు. మావాళ్ళు ఆ చప్పుడు వినగానే హాయిగా గురక పెట్టేవాళ్ళు. మా సందుల్లో పసిపిల్లలు మగ్గాల చప్పుడుకే నిద్రపోతారు, కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి ఏడుస్తారు. మమ్మల్ని భయపెట్టాలంటే నిశ్శబ్దం కావాలి, పని లేదన్నమాట అది. కానీ మాలక్ ధైర్యం మాలక్‌ది. బుకింగ్‌లు నిండసాగాయి, దసరా దగ్గరపడింది, నేను ఇంట్లో ఆ చాటను చూసి లోలోపల నవ్వుకోవడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే మాలక్ అశోక్ చౌక్‌లో పెద్ద బోర్డు పెట్టించాడు. తెల్ల చీర, విరబోసిన జుట్టు, పక్కన మగ్గం, కింద మరాఠీలోనూ తెలుగులోనూ నర్సవ్వ పేరు. ఇంటిపేరుతో సహా.

మరునాడు కట్టలు కట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి వెళ్ళిన అవ్వ, ఆ బోర్డును దారిలో ఎవరిచేతో చదివించుకుని, చేతిలో ఖాళీ బుట్టతో నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మా పుట్టింటి ఆడిబిడ్డను గోడల పెట్టిండ్రట గదనే."

"అవ్వా, అది నేను రాసిన కతనే. గసొంటి మనిషే లేదు."

"మరి నర్సవ్వ అనే ఎందుకు పెట్టినవ్?"

"తోచింది పెట్టిన."

"మా పుట్టింటి పేరే ఎందుకు పెట్టినవ్?"

"నోటికొచ్చింది రాసిన అవ్వా."

"నీ నోటికి ఎవరు దెచ్చిండ్రు?"

నేను చదివిన సిలబస్‌లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. నేను తలగోక్కునేలోపు అవ్వ తన తమ్ముడి కొడుకుల ఇళ్ళకు బయల్దేరింది. సాయంత్రానికల్లా ఆ ఇంటిపేరున్న కుటుంబాలన్నీ కదిలాయి. నర్సవ్వ ఏ కొమ్మకు చెందిందన్న దానిమీద రెండు వర్గాలయ్యాయి. ఒక పెద్దాయన ఆమె తన ముత్తాతకు సొంత చెల్లెలని తేల్చి చెప్పాడు, ముక్కు కూడా తమ వాళ్ళదేనన్నాడు. (బోర్డు రాసిన పెయింటర్ తన భార్యను చూసి ఆ ముక్కు గీశాడని నాకు తెలుసు.) తర్వాత మైల సంగతి వచ్చింది. చావు కబురు ఎంత ఆలస్యంగా తెలిసినా, తెలిసిన రోజున కట్టుబట్టలతో తలస్నానం చేయాలి గదా. దేశ్‌ముఖ్‌ల కాలం నాటి కబురు ఆ రోజే తెలిసింది. ఆ రోజు మా వాడకు నల్లా వచ్చే రోజు కాదు. షోలాపూర్‌లో నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలిసినవాళ్ళకే ఆ కష్టం అర్థమవుతుంది. నేను సృష్టించిన మనిషి కోసం మా సందు సందంతా దాచుకున్న నీళ్ళు బిందెలకు బిందెలు నెత్తిన గుమ్మరించుకుంది. రెండు రోజులు పప్పు ఉడకబెట్టడానికి కూడా నీళ్ళు లేక ఇళ్ళల్లో నన్ను పేరు పెట్టి తలుచుకున్నారు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. అవ్వ ఊరుకోలేదు. "తానాలు మొగోళ్ళు చేసిండ్రు. ఆడిబిడ్డకు ఒడిబియ్యం ఎవరు పోస్తరు?" అంది. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడిలో పోసి పంపడం మాలో ఎంత పేదవాళ్ళయినా తప్పించని మర్యాద. పెద్దాయన అడ్డం వచ్చాడు. "సచ్చినోళ్ళకు ఒడిబియ్యం పోస్తరా అక్కా? యాడన్న ఉన్నదా?"

"సచ్చిందని ఎవడు సూసిండు?" అంది అవ్వ. ఆ మాటతో అందరూ చీరలు, కుడుకలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. నేను మాత్రం, దయ్యం చావలేదంటే ఇక దయ్యమెట్లా అవుతుందని తర్కం వెతుక్కుంటూ కూర్చున్నాను. అంత తెలివి నాది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, మా సందుల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా రెండు టెంపోల్లో హోట్గి రోడ్డు దాటి గఢీ ముందు దిగారు. నెత్తిన బియ్యం తాంబాళంతో ముందు అవ్వ, వెనక చీరలు, గాజులు, పసుపుకుంకుమలు. లోపల నాతో లెక్కలు చూస్తున్న మాలక్ ఆ గోలకు పరుగెత్తుకొచ్చి ఆ పెద్ద తలుపు మూసి, లోపల అడ్డగడియ వేశాడు. ఆ తలుపు కట్టించిన దేశ్‌ముఖ్ ఆత్మ ఆ రోజు శాంతించి ఉంటుంది. ఎన్నో తరాల తర్వాత దండయాత్ర వచ్చింది.

"అవ్వా, గిది హోటల్. గుడి గాదు" అని మాలక్ లోపలినుంచి అరిచాడు.

"ఎరుకే బిడ్డా. మా ఆడిబిడ్డ లోపట ఉన్నది. తలుపు తియ్యి."

"లోపట ఎవ్వరు లేరు." కంగారులో అదే మాట మరాఠీలోనూ అరిచాడు.

బురుజు కిటికీలోంచి పుణె పెద్దమనిషొకడు తల బయటపెట్టి, లేరా, మరి మాకు ఉన్నారని ఎందుకు చెప్పారని మరాఠీలో నిలదీశాడు. మాలక్ పైకి చూసి, ఉన్నారు సాహెబ్, నూటికి నూరుపాళ్ళు ఉన్నారని చేతులు జోడించాడు.

"ఉన్నదంటున్నవ్ గదా. మరి తియ్యి" అంది అవ్వ.

మాలక్ కింద లేరనాలి, పైన ఉన్నారనాలి. రెండు మాటలూ ఒకే తలుపు దగ్గర నిలబడి చెప్పాలి. కాసేపు పైకీ కిందకీ తల తిప్పి, చివరికి నా రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. "గీ లొల్లి పెట్టింది నువ్వు. మీ అవ్వను మలుపుకొని పో. తలుపు తెరుచుకున్నదంటే నీ నౌకరీ గాయబ్."

తలుపు సందులోంచి చూశాను. అవ్వ ఎండలో నిలబడి ఉంది. ఒక చేయి నెత్తిమీది తాంబాళం మీద, ఒక చేయి తలుపు మీద. అవ్వ నోరు పెట్టుకుని గొడవ చేయడం ఎన్నోసార్లు చూశాను, దేవుడి ముందు దండం పెట్టడం చూశాను. ఆ రోజు ముఖం రెండింటిలో ఏదీ కాదు. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు, తనకు రావలసింది వచ్చేదాకా కదలనన్నట్టు నిలబడింది. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కాకుండానే చేయి అడ్డగడియ మీదికి పోయింది. దసరా గుర్తొచ్చింది, చాట గుర్తొచ్చింది. ఆ అడ్డగడియ ఎంత బరువంటే, దాన్ని ఎత్తుతున్నప్పుడు మనసు మార్చుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. మార్చుకోలేదు, ఎత్తేశాను.

ఆ తర్వాత జరిగినదాన్ని మాలక్ ఈనాటికీ లూటీ అనే అంటాడు. ఈశాన్యపు బురుజుకు పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, దాని పాదం దగ్గర కొత్త చీర పరిచారు. ఒడి పట్టడానికి ఒక ముత్తైదువ కావాలంటే, రెండు రోజులుగా భయంతో నిద్రలేక కళ్ళు ఉబ్బిన పుణె కొత్తపెళ్ళికూతురు ఒకామె మెట్ల మీద కనిపించింది. అవ్వ ఆమె చేయి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. "ఎందుకే బిడ్డా భయం? మా మేనత్తనే. నీకేమంటది?" అంది. నేను మరాఠీలో చెప్పాను. ఆ అమ్మాయి ఒడి నిండా బియ్యం పట్టి, కొత్త చీర కప్పుకుని, ఎందుకో వెక్కి వెక్కి ఏడ్చి, అవ్వ భుజం మీద తల పెట్టి అక్కడే కునుకు తీసింది. మాలక్ ఒక మూల నిలబడి పళ్ళు కొరుకుతుంటే అవ్వ పిలిచింది. "ఇల్లు కొన్నవ్ గదా బిడ్డా, ఇంటి పాపం గూడ కొన్నట్టే. చెప్పులిడిసి రా, ఏటేటా చీర నువ్వే పెట్టాలె" అంది. అంతమంది ఆడవాళ్ళు తనవైపే చూస్తుంటే ఏం చేస్తాడు, చెప్పులు విడిచి వచ్చి కొబ్బరికాయ కొట్టాడు.

ఆ వారం నుంచి గఢీలో భయపడేవాడే కరువయ్యాడు. పుణెవాళ్ళు బురుజు ముందు ఆగి, మరాఠీలో మేనత్తను పిలిచినట్టు 'ఆత్యా' అని పిలిచి, పిల్లల చేత దండం పెట్టించి, మగ్గం చప్పుడు వింటూ సుఖంగా నిద్రపోసాగారు. మాలక్ నన్ను పిలిచాడు. "దయ్యాన్ని సుట్టం జేసిండ్రు గదనే మీరు. సుట్టానికి ఎవడన్న భయపడతడా?" అన్నాడు. (భయపడతారు. కానీ గది అద్దెకు తీసుకుని భయపడరు.) దసరా ఇంకా రాకముందే నా నౌకరీకి నిమజ్జనం అయిపోయింది.

మరునాడు మధ్యాహ్నం కొత్త చాట ముందు కూర్చున్నాను. నేను చుట్టిన బీడీ ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా వచ్చింది. అవ్వ దాన్ని విప్పి మళ్ళీ చుడుతూ, అడక్కుండానే చెప్పింది. వాళ్ళ నాన్నకు ఒక్కతే చెల్లెలట. పేరు నర్సవ్వ. తెలంగాణలో వాళ్ళ ఊరి దొర గడీలో ఏదో పెళ్ళికి చాకిరీ చేయాలని పిలిపించారట. పెళ్ళి అయిపోయింది, పిలిచినవాళ్ళంతా తిరిగొచ్చారు, ఆమె రాలేదు. వాళ్ళ నాన్న గడీ తలుపుదాకా పోయి, తలుపు చూసి, వెనక్కి వచ్చేశాడట. ఆ తర్వాతే ఊరొదిలి షోలాపూర్ దారి పట్టారు. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చుతూ అవ్వ ఆ పేరు ఎన్నిసార్లు అనుకుందో, నాకు తోచిందని నేను మురిసిపోయిన పేరు అది.

"కానీ అవ్వా, గది వేరే గడీ. నర్సవ్వ గిక్కడికి రానే లేదు గదా" అన్నాను. చరిత్ర చదివినదాన్ని గదా, ఊరుకుంటానా?

"నాకెరుక లేదానే? నువ్వు రాసింది కత అని మొదటి రోజే ఎరుక" అంది అవ్వ, బీడీకి దారం చుడుతూ. "ఏ గడీ అయితే ఏంది బిడ్డా. మా అయ్య తలుపు కొట్టలేకపోయిండు. నేను కొట్టిన. తలుపు తీసేటందుకు లోపట మన పిల్ల ఉండె."

నేను తల వంచుకుని ఆకు కత్తిరించాను. ఆ రోజు నేను చుట్టినవన్నీ కార్ఖానావాళ్ళు తిరగ్గొట్టారు, తడిసిపోయాయని.

ఇప్పుడు నేను బడిలో చరిత్ర చెబుతున్నాను. ఆధారం లేనిదే ఏదీ నమ్మకూడదని పిల్లలకు ప్రతి ఏడూ మొదటి పాఠంగా చెబుతాను. మాలక్ హోటల్ బాగానే నడుస్తోంది, భయం కంటే చుట్టరికమే నికరమైన వ్యాపారమని ఆయనకు ఆలస్యంగా తెలిసొచ్చింది. నన్ను మళ్ళీ పిలవలేదు గానీ, ఏటేటా చీర మాత్రం తప్పకుండా పెడుతున్నాడు. అవ్వ పోయాక తాంబాళం నా నెత్తికి వచ్చింది. పోయిన శ్రావణంలో ఒడిబియ్యం తీసుకుని వెళితే, అక్కడ ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. కళ్ళద్దాలు, చేతిలో రికార్డరు, అచ్చం నాకు ఒకప్పుడున్నంత నమ్మకం. నేను రాసిన కథనే నాకు మొదటినుంచి చివరిదాకా చెప్పి, మధ్యలో నేనొక వివరం అందించబోతే, "కాదు మేడమ్, అది మీరు పొరబడుతున్నారు" అని నెమ్మదిగా దిద్దింది. సరేనన్నాను. అంత కష్టపడి చదువుకున్న పిల్ల.

"మీకు ఆవిడ ఏమవుతుంది మేడమ్?" అని అడిగింది.

"మా అవ్వకు మేనత్త."

"దానికి ఆధారం ఏమైనా ఉందా?"

బడిలో అయితే ఆ ప్రశ్నకు శభాష్ అని వీపు తట్టేదాన్ని. ఇక్కడ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. తాంబాళం నెత్తిమీదినుంచి దించి ఆ పిల్ల చేతుల్లో పెట్టి, "ముందు ఇది పట్టుకోమ్మా, బరువుంది" అన్నాను.